నాన్న ఇచ్చేసిన పద్యాలు

మా నాన్న రాసిన పద్యాలు మా ఇంట్లో ఒక్కటీ ఉండేవి కావు. ఎవరిమీద రాస్తే వాళ్లకి ఇచ్చేసేవారు. నకలు ఉంచుకోవడం, తేదీ వేసి నోట్‌బుక్‌లో ఎక్కించుకోవడం ఆయనకి అలవాటు లేదు. "ఇచ్చాక అది వాళ్లదమ్మా, మన దగ్గరెందుకు?" అనేవారు. ఆయన పోయాక బీరువా సర్దితే పింఛను కాగితాలు, ప్రావిడెంట్ ఫండ్ చీటీలు, పాత రైల్వే పాసులు దొరికాయి గానీ పద్యమన్నది ఒక్క పాదం కూడా దొరకలేదు. అప్పటినుంచీ వాటిని వెతుక్కుంటూ తిరుగుతున్నాను.

ఆయన్ని కవి అని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. మద్రాసులో, పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన ఫ్యాక్టరీ అది. నాన్న చేరేనాటికి అక్కడ రెండు విభాగాలుండేవి. రైలు పెట్టె ఇనుప ఒళ్లు తయారయ్యేది షెల్‌లో, దానికి సీట్లూ ఫ్యాన్లూ లైట్లూ పెట్టేది ఫర్నిషింగ్‌లో. నాన్నది షెల్. పొద్దున కూత వినిపిస్తే కాలనీ అంతా సైకిళ్ల మీద గేటువైపు కదిలేది. క్వార్టర్స్‌లో మా వరసలోనే నెల్లూరు వాళ్లు, గూడూరు వాళ్లు, చిత్తూరు వాళ్లు, ఒక శ్రీకాకుళం కుటుంబం, మధ్యమధ్య తమిళులు, మలయాళీలు. ఎవరింట్లో ఏం జరిగినా అందరికీ తెలిసేది. తెలిసిన రెండో రోజో మూడో రోజో ఎవరో ఒకరు మా గుమ్మంలోకి వచ్చేవారు. "సార్, మా అమ్మాయి పెళ్లి. మీరు రెండు ముక్కలు రాయాలి." లేకపోతే, "బావా, మావాడికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సెండాఫ్‌కి ఏదైనా చెప్పాలి."

పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ, రిటైర్మెంట్లకీ, కాశీ వెళ్లొచ్చినవాళ్లకీ, చనిపోయినవాళ్లకీ రాశారు. అడిగినవాళ్లని కూర్చోబెట్టి ముందు చాలాసేపు ప్రశ్నలు వేసేవారు. పెళ్లికూతురికి ఏం ఇష్టం? వాళ్ల అమ్మ ఏ ఊరి పిల్ల? చిన్నప్పుడు ఏమని పిలిచేవారు? ఇంట్లో ఎవరితో ఎక్కువ పోట్లాడుతుంది? వచ్చినవాళ్లు మొదట మొహమాటపడేవారు. తర్వాత చెబుతూ చెబుతూ నవ్వేవాళ్లు, కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్లు వెళ్లాక నాన్న కాగితం ముందు కూర్చునేవారు. నాకు ఊహ తెలిశాక ఒకసారి అడిగాను, ఇన్ని ప్రశ్నలెందుకు నాన్నా అని. "పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే అతికిపోయేలా ఉంటే ఆ పద్యం చింపెయ్యాలమ్మా" అన్నారు. అంతకంటే పెద్ద కావ్యసూత్రం నేను ఇప్పటిదాకా వినలేదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే శుభాకాంక్షలు చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. అందమైనవే ఉంటాయి, కానీ ఎవరికైనా పంపొచ్చు.

పెళ్లి పద్యాలకి ఒక పద్ధతి ఉండేది. ఐదు రాస్తే పంచరత్నాలు, తొమ్మిదైతే నవరత్నాలు. గులాబీరంగు పల్చటి కాగితం మీద అచ్చు. పైన వినాయకుడో వేంకటేశ్వరస్వామో, కింద వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం తేదీ, అడుగున "మిత్రబృందం, షెల్ విభాగం" అని. నాన్న పేరు ఎప్పుడూ వేయించుకునేవారు కాదు. అచ్చుకి జార్జిటౌన్‌లో మింట్ స్ట్రీట్ పక్క సందులోని ఒక చిన్న ప్రెస్‌కి వెళ్లేవాళ్లం. పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, అక్కణ్నుంచి నడక. ఆ ప్రెస్‌లో తెలుగు కంపోజ్ చేసే తాత ఒకాయన ఉండేవారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరస పేర్చేవారు. పద్యమంటే ఆయనకి భయం, ఎందుకంటే పద్యంలో వత్తులు ఎక్కువ. కేసులో వత్తులు అయిపోతే పని ఆగిపోయేది. "ఇంకో మాట లేదా నాయనా దీనికి?" అని నాన్నని అడిగేవారు. నాన్న అక్కడే నిలబడి, గణం చెడకుండా, యతి తప్పకుండా మాట మార్చి ఇచ్చేవారు. సందర్భానికి రాసే పద్యం ఇలా ఉన్న అక్షరాలకి, ఉన్న టైముకి, ఉన్న డబ్బుకి కూడా లోబడి తయారయ్యేది. అందువల్ల దాని విలువ తగ్గిందని నేననుకోను.

పెళ్లిలో దాన్ని చదివే చోటు కూడా సుఖమైనదేమీ కాదు. తలంబ్రాలు అయ్యాక, భోజనాలకి లేచేముందు, నాదస్వరం కాసేపు ఆపించి చదివేవారు. పిల్లల ఏడుపులు, వంటవాళ్ల కేకలు, కుర్చీల చప్పుడు. సగంమంది ఆ గులాబీ కాగితంతోనే విసురుకునేవారు. అయినా పెళ్లికూతురి ముద్దుపేరు పద్యంలో వచ్చినచోట పందిరి మొత్తం ఘొల్లుమనేది. తమిళుల పెళ్లిళ్లలోనూ వాళ్త్తు మడల్ అని ఇలాంటిదే ఉంటుంది. పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, ఫ్రేము కట్టించి కొత్తజంటకి ఇస్తారు. అందుకే మా తమిళ ఇరుగుపొరుగుకి నాన్న చేసేది వింతగా అనిపించలేదు. వాళ్లూ వచ్చి అడిగేవాళ్లు, తెలుగైనా సరే అని.

నాన్నకి ముందే ఈ అలవాటుకి శతాబ్దాల వయసుంది. చాటువులని మనవాళ్లు చెప్పుకునే విడి పద్యాల్లో చాలామటుకు ఇలాంటివే. ఒక సందర్భం, ఒక మనిషి, ఒక పద్యం. శ్రీనాథుడు పల్నాడు వెళ్లి అక్కడి జొన్నకూడు తినలేక చెప్పాడనే పద్యాలు ప్రయాణాలవి. 1529లో కృష్ణదేవరాయలు పోయాక తానింకా బతికి ఉన్నందుకు పెద్దన ఏడ్చాడని చెప్పుకునే సీసపద్యం స్నేహితుడి పోక మీదది. ఇలా తాటాకు ప్రతుల్లోనూ జనం నోళ్లలోనూ మిగిలినవాటిని ఏరి చాటుపద్య మణిమంజరిగా అచ్చువేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఉద్యోగం చేసింది ఈ ఊళ్లోనే, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో. ఇంకా వెనక్కి వెళ్తే, 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారి పొడుగునా చూసినదంతా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి పంపుతూ వచ్చారు. అది వచనమే, కానీ రాసింది ఒక స్నేహితుడి కోసం. నాన్నకి ఆ సంగతి ఎంతో ఇష్టం. "చదివేవాడు ఒక్కడున్నాడని తెలిస్తే చాలమ్మా, చెయ్యి దానంతటదే రాస్తుంది" అనేవారు.

నాకు దొరికిన మొదటి పద్యం ఒక ప్రయాణానిది. 1980ల్లో పంజాబులోని కపుర్తలాలో కొత్త కోచ్ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మా పక్కింటి మామయ్య అక్కడికి వెళ్లారు. వాళ్ల పిల్లలూ మేమూ ఒకే పళ్లెంలో తిని పెరిగినవాళ్లం. జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి మా వరస మొత్తం సెంట్రల్‌కి వెళ్లింది. అత్తయ్య అందరినీ పట్టుకుని ఏడుస్తోంది, మామయ్య సామాన్లు లెక్కపెడుతున్నారు. నాన్న జేబులోంచి మడత కాగితం తీసి కిటికీలోంచి మామయ్య చేతిలో పెట్టారు. ఆయన ఇప్పుడు రిటైరై విజయవాడలో ఉంటున్నారు. ఫోన్ చేసి అడిగితే కాగితం కోసం లేవనే లేదు, నోటికే చెప్పారు.

రొట్టె తినెడి చోట రుచియేమి యుండునో
పప్పు నేయి లేక పండుగేల
సెంట్రలందు నిలిచి చేయూపుచుంటిమి
మరచిపోకు మమ్ము మరల రమ్ము

"అక్కడ మొదటి చలికాలం, మీ అత్తయ్యకి రోజూ ఇది చదివి వినిపించేవాణ్ని. చివరి పాదం దగ్గర గొంతు పట్టేసేది" అన్నారు మామయ్య. ఆటవెలది చిన్న పద్యం. ప్రాస బాధ లేదు, మాట్లాడుకున్నట్టే సాగిపోతుంది. వీడ్కోళ్లకి నాన్న ఎక్కువగా దాన్నే వాడేవారని తర్వాత దొరికినవాటిని బట్టి తెలిసింది. ఏడుస్తున్నవాళ్ల చేతిలో పెట్టే కాగితం బరువుగా ఉండకూడదని ఆయన ఉద్దేశమై ఉంటుంది.

రెండోది మా ఇంట్లోనే దొరికింది, అదీ కాగితం మీద కాదు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ దగ్గర కూర్చుని ఈ వెతుకులాట సంగతులు చెబుతుంటే, ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా, "నాకూ ఒకటి రాశారులే" అంది. అమ్మది నెల్లూరు. నేను కడుపులో ఉన్నప్పుడు పురిటికి పుట్టింటికి వెళ్లింది. నాన్న ఒక్కరే క్వార్టర్స్‌లో. పెరట్లో అమ్మ వేసిన మల్లెపాదు ఆ వేసవిలో విరగబూసిందట. ఆయన పంపిన ఇన్‌లాండ్ కవర్లో క్షేమసమాచారాలన్నీ అయ్యాక, కింద ఈ పద్యం ఉందట.

ఇల్లాలు లేని యింటను
మల్లెలు పూచిన నెవరికి మాలలు కట్టన్
నెల్లూరి బండి యెప్పుడు
చల్లగ నినుఁ దెచ్చి దించు సాయంవేళన్

అమ్మ పెద్దగా చదువుకోలేదు. ఆ ఉత్తరం చదివిపెట్టింది మా అమ్మమ్మ. అంటే అల్లుడి ప్రేమపద్యం అత్తగారి నోటినుంచి పెళ్లాం వింది. అమ్మమ్మ ఏమీ అనకుండా ఉత్తరం మడిచి అమ్మ దిండు కింద పెట్టిందట. ఆ కాగితం ఎప్పుడో పోయింది. అమ్మ మాత్రం ఒక్క అక్షరం పోగొట్టలేదు. ఇన్నేళ్లలో నాన్న దాన్ని మళ్లీ ఎత్తలేదు, అమ్మా ఎవరికీ చెప్పలేదు. కందం రాసినవాడే కవి అని మన పెద్దలు అన్నారు కదా. ఆరో గణం దగ్గర జగణమో నలమో పడాలి, బేసి గణాల్లో జగణం పడకూడదు, రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ కలవాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆయన తన దిగులు ఎక్కడా దాచుకోకుండా చెప్పుకున్నారు. నెల్లూరు అనే ఊరిపేరు ఇచ్చిన ద్విత్వ లకారం పట్టుకుని ఇల్లాలు, మల్లెలు, చల్లగ అన్నీ వచ్చి చేరాయి. అమ్మది వేరే ఊరైతే ఆ పద్యం పుట్టేదే కాదు. నాకు అన్నిటికంటే ప్రియమైనది ఇదే. నేను ఇంకా పుట్టకముందు మా ఇల్లు ఎలా ఉండేదో చూపించేది ఇదొక్కటే.

మూడోది దొరకడం కష్టమైంది. నాన్నకి షెల్‌లో ప్రాణస్నేహితుడు ఒకాయన, మేం సైకిలు బాబాయి అనేవాళ్లం. మధ్యాహ్నం బ్రేకులో ఒక టీ చెప్పి ఇద్దరూ సగం సగం తాగేవారట. ఆయన ఒకరోజు పనిలోనే కుప్పకూలిపోయారు. పద్యం పదమూడో రోజున నాన్న ఆ ఇంట్లో ఇచ్చారు. చదవలేదు, పిన్ని చేతికిచ్చి వచ్చేశారు. తర్వాత వాళ్లు ముడిచ్చూరు వైపు ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. 2015 డిసెంబరు వరదల్లో అటువైపంతా మునిగింది కదా, వాళ్లింట్లోనూ నీళ్లొచ్చాయి. దేవుడి పటం వెనక దాచిన కాగితం తడిసి ఆరింది. నేను వెళ్లేసరికి పిన్ని దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచింది. సిరా పాకిపోయి మూడు పాదాలు అతికష్టం మీద కనిపిస్తున్నాయి. నాలుగో పాదంలో చివరి మాట పూర్తిగా పోయింది. "మిత్రమా అనే ఉండాలమ్మా, వాళ్లిద్దరూ స్నేహితులే కదా" అంది పిన్ని.

నేను ఆ రాత్రంతా దాంతోనే ఉన్నాను. పద్యం తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడు కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద. పాదం "చెప్పకుండగ పోతివే" అని మొదలైంది కాబట్టి పోయిన మాట చె తోనో, దానికి మైత్రి కుదిరే అక్షరంతోనో మొదలవ్వాలి. మిత్రమా అక్కడ పట్టదు, యతీ కుదరదు, గణమూ సరిపోదు. ఆరి మిగిలిన మరకలో ఒక చోట గుడి ఆనవాలు, చివర డ లాంటి వంపు కనిపించాయి. తెల్లవారుజామున మాట దొరికింది. పొద్దున్నే ఫోన్ చేసి పిన్నికి చదివి వినిపించాను.

కూత కూసెను, గేటున గుంపు కదలె
నీదు సైకిలు మాత్రము నిలిచిపోయె
సగము టీ యింక నెవరికి సాచి యిత్తు
చెప్పకుండగ పోతివే చెలిమికాడ

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత పిన్ని, "అదేనమ్మా. చెలిమికాడా అనే పిలిచేవారు మీ నాన్న ఆయన్ని, తమాషాకి" అంది. ఛందస్సుని బరువని, సంకెళ్లని అనేవాళ్లని చాలామందిని చూశాను. నీళ్లు తుడిచేసిన మాటని నాకు వెనక్కిచ్చింది ఆ ఛందస్సే. నాన్న పద్యంలోనే ఎందుకు రాసేవారో నాకు అప్పుడు అర్థమైంది. కాగితం పోయినా మనుషుల నోట్లో నిలబడాలని, ఒక మాట జారిపోతే మిగతా మాటలు దాని చోటు చూపించాలని.

అన్నీ ఇంత చక్కగా దొరకలేదు. ఒక గృహప్రవేశం పద్యం అన్నదమ్ములిద్దరికీ రెండు రకాలుగా గుర్తుంది, రెండూ గణాలకి సరిపోతున్నాయి. రెండూ రాసి ఉంచాను. కొన్నింటికి మొదటి పాదం తప్ప మిగల్లేదు. కొన్ని ఇళ్లలో కాగితం భద్రంగా ఉంది, చదివేవాళ్లు లేరు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతి పిల్లలతో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా వెళ్లింది. మా కాలనీ పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. వాళ్ల తాతల మీద రాసిన పద్యాలు నేను చదివి ఫోన్లో రికార్డు చేసి పంపిస్తున్నాను. అయనావరంలో ఒక కుర్రాడు తన తాతగారి రిటైర్మెంట్ పద్యం విని, "ఇందులో మా ఇంటిపేరు ఉందే!" అని మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడట. వాళ్లమ్మ చెప్పింది. ఆ పిల్లవాడికి తెలుగు నేర్పించమని ఆవిడ అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ఆదివారాలు వస్తున్నాడు.

ఈమధ్యే దొరికిన కాగితం మాత్రం నన్ను బాగా తిప్పుతోంది. నాన్నకి ఫోర్‌మన్‌గా ఉన్న తమిళ సార్ రిటైరైనప్పుడు రాసింది. ఆయనకి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకని నాన్న తెలుగు పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చారు. తమిళంలో క గ లకి ఒకటే అక్షరం, త ద లకి ఒకటే, చ స లకి ఒకటే. విప్పుకుంటూ చదవాలి. మొదటి రెండు పాదాలు తేలాయి.

ఇనుప రేకు తెచ్చి యిల్లుగా మలచిన
చేతికిపుడు కొంత సెలవు దొరికె

చే కీ సె కీ యతి చెల్లుతుందని మనం సూత్రం చదివి నేర్చుకుంటాం. ఆ కాగితం మీద రెండూ ఒకే అక్షరంతో మొదలై కనిపిస్తుంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. మొదటి మాట కట్టి కావచ్చు, గట్టి కావచ్చు. రెండూ గణానికి సరిపోతాయి, క గ లు ఒకే వర్గం కాబట్టి యతీ తేల్చదు. ఈసారి ఛందస్సు వల్ల కాదు. సార్‌కి ఎనభై దాటాయి, పెరంబూరులోనే కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ పద్యం ఆయనకి ఇప్పటికీ నోటికొచ్చునని వాళ్లమ్మాయి చెప్పింది. శనివారం సాయంత్రం రమ్మన్నారు, ఆయన నోటనే విని రాసుకోవడానికి వెళ్తున్నాను.